నట్టింట్లో మోగని ఫోను గురించి బరంపురం నుంచి ఒక బహిరంగ లేఖ

ఒడిశా టెలికాం సేవా పరిధి అధికారులకు, గంజాం జిల్లాలో భవన నిర్మాణ అనుమతులు మంజూరు చేసే అధికారులకు, మొబైల్ కంపెనీల ఒడిశా సర్కిల్ బాధ్యులకు బరంపురం పౌరుడొకడు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

మాన్యులారా,

నేను టెలిఫోన్ శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి విరమించినవాడిని. స్తంభాల మీద రాగి తీగలు లాగిన రోజుల్లో ఛత్రపురం నుంచి గిరిసోల దాకా ఏ మలుపులో ఏ స్తంభం ఒరిగి ఉండేదో నోటిలెక్కగా చెప్పగలిగేవాడిని. టవర్లు లేచిన కాలంలో వాటికి కరెంటు, డీజిలు అందే ఏర్పాట్లు చూశాను. అంచేత ఈ ఉత్తరాన్ని సిగ్నల్ రాలేదని విసిగిపోయిన ఒక వినియోగదారుడి ఫిర్యాదుగా పక్కన పెట్టవద్దని, ఆ పనిని లోపలినుంచి కొంత చూసినవాడి మాటగా చదవమని మనవి.

నేను చెప్పదలచింది ఒక్కటే. మా ఊళ్ళో టవర్లు ఉన్నాయి, వీధిలో సిగ్నల్ ఉంది, ఇంట్లో లేదు. ఇంటి ప్లాను మీద సంతకం పెట్టేవారు సిగ్నల్ సంగతి అడగరు. సిగ్నల్ ఇచ్చేవారు గోడ సంగతి అడగరు. ఈ రెండు ఫైళ్ళూ ఎక్కడో ఒకచోట, వీలైతే శ్లాబు పోయకముందే, కలుసుకునే ఏర్పాటు చేయమని అడగడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

బరంపురం పాత వీధుల ఇళ్ళు మీకు తెలియనివి కావు. వీధి వైపు వెడల్పు బహు కొద్ది. లోపలికి వెళితే రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి గదులు. ముందు అరుగు, తర్వాత వీధి గది, నట్టిల్లు, దేవుడి గది, ఆకాశం కనిపించే చిన్న వాకిలి, వంటిల్లు, చివర నుయ్యి ఉన్న పెరడు. రెండు పక్కల గోడలూ ఇరుగుపొరుగులతో ఉమ్మడివి కాబట్టి ముందూ వెనకా తప్ప కిటికీ అన్నది ఉండదు. మా తాతగారు పట్టు మగ్గం పెట్టుకోవడానికి పొడుగ్గా కట్టించుకున్న ఇల్లు మాది. మగ్గం పోయి చాలా కాలమైంది గాని ఆ పొడుగు మాత్రం అలాగే ఉంది. నేటికీ ఆ పొడుగు పొడుగునా ఫోను పట్టుకుని నడవడం మా ఇంట్లో ఒక దినచర్య.

ఆ నడకను ఒకరోజు కొలిచి చూశాను. ఫోను సెట్టింగుల్లో సిమ్ స్టేటస్ అనే చోట సిగ్నల్ బలం మైనస్ గుర్తుతో ఒక అంకెగా కనిపిస్తుంది. సున్నాకు ఎంత దూరం జరిగితే అంత బలహీనమని అర్థం. అరుగు మీద అది మైనస్ 84 ఉంది. నట్టింట్లో మైనస్ 103 అయింది. వంటింటి గడప దగ్గర మైనస్ 117కు పడి, రెండు నిమిషాలకు గీతలన్నీ పోయి, సర్వీస్ లేదన్న మాట వచ్చింది. ఈ అంకెలను మామూలు తూనిక రాళ్ళలా చూస్తే తేడా పెద్దగా కనిపించదు. కానీ ఇవి డెసిబెల్ అనే కొలతలో ఉన్న అంకెలు; ఆ లెక్కలో పది తగ్గితే శక్తి పదో వంతవుతుంది, ఇరవై తగ్గితే నూరో వంతు, ముప్పై తగ్గితే వెయ్యో వంతు. అరుగు నుంచి వంటింటికి తగ్గినవి ముప్పై మూడు. అంటే నా భార్య పొయ్యి దగ్గర నిలబడినప్పుడు ఆమె ఫోనుకు అందేది నాకు అరుగు మీద అందే దానిలో సుమారు రెండు వేలవ వంతు.

దీనికి తోడు మరో చిక్కు ఉంది. టవర్ మీది రేడియో పదుల వాట్ల శక్తితో మాట్లాడుతుంది; మన చేతిలోని 4జీ ఫోను గట్టిగా అరిచినా మామూలుగా వాటులో ఐదో వంతును మించదు. గోడలు రెండు దిక్కులా ఒకే రకంగా అడ్డుపడతాయి గనుక ముందుగా ఓడిపోయేది ఫోనే. అవతలివారి మాట మనకు చక్కగా వినిపిస్తూ, మన మాట మాత్రం వారికి ముక్కలు ముక్కలుగా చేరే అనుభవం మీకూ ఉండే ఉంటుంది. టవర్‌ను అందుకోవడానికి ఫోను ఉన్న శక్తినంతా వెచ్చిస్తుంది కాబట్టే లోపలి గదుల్లో అది వేడెక్కుతుంది, మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతుంది. మా వీధిలో చాలామంది దీన్ని ఫోను లోపమనుకుని కొత్త ఫోన్లు కొన్నారు.

గోడలన్నీ ఒకటి కావు, తరంగాలన్నీ ఒకటి కావు. తక్కువ పౌనఃపున్యపు తరంగాలు, అంటే సెకనుకు తక్కువసార్లు ఊగేవి, గోడ దాటి కొంత లోపలికి వస్తాయి. పౌనఃపున్యం పెరిగేకొద్దీ గోడలోనే ఇంకిపోతాయి. మన దేశంలో 5జీకి ఎక్కువగా వాడుతున్న 3300 మెగాహెర్ట్జ్ బ్యాండు వీధిలో మెరుపులా ఉంటుంది, మా నట్టింటికి రాదు. అదే 700 మెగాహెర్ట్జ్ అయితే రెండు మూడు గోడలకు లొంగదు. 2022 ఆగస్టులో ముగిసిన వేలంలో ఆ బ్యాండును జియో ఒక్కటే కొన్నది. ఆ మరుసటి ఏడు ప్రభుత్వం బీఎస్‌ఎన్‌ఎల్‌కు కూడా దాన్ని కేటాయించింది. 2025 సెప్టెంబర్ 27న ప్రధానమంత్రి మన ఒడిశాలోని ఝార్సుగూడ నుంచే బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని ప్రారంభించారు కూడా. కాబట్టి గోడ దాటే తరంగాలు దేశానికి లేవని ఎవరూ అనలేరు. అవి మా వీధుల మీద ఎంత బలంగా, ఏ కోణంలో వేశారన్నదే నా ప్రశ్న.

పాత ఇళ్ళ సంగతి ఇలా ఉండగా, వాటిని పడగొట్టి కడుతున్న కొత్తవి ఇంకా గట్టి కోటలు. పెద్ద రోడ్ల మీద లేచిన దుకాణ సముదాయాలకు ముందు భాగమంతా ఏసీపీ షీట్లు బిగిస్తున్నారు. అవి రెండు అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పెట్టి అతికించినవి. రేడియో తరంగాలకు రేకు రేకే, దాని మీద ఏ రంగు వేసినా. ఎండ వేడిని ఆపే పూత పూసిన అద్దాల్లోనూ కంటికి కనిపించని లోహపు పొర ఉంటుంది. మామూలు అద్దం పెద్దగా అడ్డుపెట్టని చోట ఈ అద్దం ఇటుక గోడను మించి అడ్డుకుంటుంది. అడుగున సెల్లారు, నడుమ లిఫ్టు అనే ఇనుప పెట్టె, పైన రేకుల కప్పు. ఇంత కట్టి, లోపలి దుకాణదారుణ్ణి కార్డు మిషను చేత్తో పట్టుకుని గుమ్మం బయటికి పరిగెత్తమంటే అతను మాత్రం ఏం చేస్తాడు?

ఇక నా సొంత అనుభవం ఒకటి చెప్పుకుంటాను. పోయిన వర్షాకాలంలో నా భార్యను ఈ ప్రాంతంలోని ఒక ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. ఆసుపత్రి పేరు అనవసరం. వైద్యులు దయగా చూశారు. పరీక్షలు చేసే విభాగం నేల అంతస్తుకు కింద ఉంది. మమ్మల్ని ఒక బల్ల మీద కూర్చోబెట్టి, రక్తం దొరికిన వెంటనే ఫోను చేస్తామని చెప్పారు. గంటన్నర కూర్చున్నాను. ఫోను మోగలేదు. టీ కోసం మెట్లెక్కి గేటు దగ్గరికి రాగానే జేబులో ఫోను కప్పలా గెంతింది: ఏడు మిస్డ్ కాల్ సందేశాలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. మొదటిది నేను కింద కూర్చున్న పది నిమిషాలకే వచ్చింది. అదృష్టవశాత్తు ఆ ఆలస్యం ప్రాణం మీదికి రాలేదు. ఆ తర్వాత గమనించాను, అక్కడి అటెండర్లందరికీ ఆ సంగతి తెలుసు. మందుల చీటీ పక్క కిటికీ దగ్గర ఒక గోడ మీద పెన్సిలుతో ఎవరో ఇక్కడ టవర్ వస్తుందని ఒడియాలో రాసి బాణం గుర్తు వేశారు. నా ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో అంత ఖచ్చితమైన కవరేజీ పటం నేను చూడలేదు.

పటాల మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. 2024 అక్టోబర్ 1 నుంచి అమలులోకి వచ్చిన, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి సేవా నాణ్యత నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ తన కవరేజీ పటాన్ని వెబ్‌సైట్‌లో ఉంచాలి. మంచి నిబంధన. నేను చూశాను, ఆ పటంలో మా వీధి అరుగు నుంచి పెరడు దాకా నిండుగా రంగు పూసుకుని ఉంది. అవే నిబంధనల్లో మధ్యలో తెగిపోయే కాల్స్ రెండు శాతం దాటకూడదన్న హద్దు కూడా ఉంది. కానీ మోగని కాల్ తెగిన కాల్ లెక్కలోకి రాదు. సెల్లారులో కూర్చున్న నాకు రాని ఏడు కాల్స్‌లో ఒక్కటీ తెగలేదు, మొదలైతే కదా తెగడానికి. లెక్క ఇలా ఉన్నంతకాలం మీ నివేదికలు నిజమే అవుతాయి, మా కష్టమూ నిజమే అవుతుంది.

ఇదివరకు ఫోను మాటలకే గనుక సర్దుకుపోయేవాళ్ళం. ఇప్పుడు గ్యాసు బండ తెచ్చినవాడు నంబరు చెప్పమంటాడు, బ్యాంకు ఓటీపీ పంపి నిమిషాలు లెక్కపెడుతుంది, నవంబరులో నా బోటి పింఛనుదారు బతికే ఉన్నాడని ఫోను ముందు ముఖం పెట్టి నిరూపించుకోవాలి. వెలుతురు కోసం గదిలోకి, సిగ్నల్ కోసం బయటికి తిరుగుతూ నేను బతికి ఉన్నానని మూడోసారికి ఒప్పించగలిగాను. మా జిల్లా నుంచి సూరత్ మగ్గాల మీదికి వెళ్ళిన పిల్లల తల్లులు రాత్రి తొమ్మిదింటికి అరుగుల మీద వరసగా కూర్చుని వీడియో కాల్స్ మాట్లాడుకుంటారు. ఇంటి గుట్టు వీధి పాలు కావడమంటే ఏమిటో మా వీధికి వస్తే తెలుస్తుంది.

ఈ బాధకు జనం తమకు తోచిన మందు వేసుకుంటున్నారు, అది మరీ ప్రమాదం. ఆన్‌లైన్‌లో దొరికే బూస్టరు తెచ్చి డాబా మీద ఒక యాంటెన్నా, గదిలో ఒక యాంటెన్నా బిగిస్తున్నారు. అనుమతి లేకుండా దాన్ని అమ్మడమూ, కొనడమూ, పెట్టుకోవడమూ చట్టరీత్యా నేరం. చట్టం అలా ఉంచినా, ఆ రెండు యాంటెన్నాలు దగ్గర దగ్గరగా ఉంటే మైకు ముందు లౌడ్‌స్పీకరు పెట్టినట్టే. అది ఆపకుండా ఈల వేస్తుంది, ఆ ఈల మనకు వినపడదు గాని టవర్ చెవిలో పడి చుట్టుపక్కల వందల ఫోన్ల మాటను ముంచేస్తుంది. తనిఖీలు చేసి వాటిని పట్టుకోండి, కాదనను. అయితే పట్టుకున్న ఇంటివాడికి చట్టబద్ధమైన దారి ఏదో ఆ రోజే చెప్పి వెళ్ళండి.

ఆ దారి ఒకటి ఇప్పటికే ఉంది గాని దాని గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పరు. 2019 డిసెంబరు నుంచి మన దేశంలో వైఫై కాలింగ్ ఉంది. ఇంట్లో ఫైబర్ ఉంటే ఫోను ఆ వైఫై మీదుగానే మామూలు నంబరుతో కాల్ చేస్తుంది, అందుకుంటుంది, అదనపు చార్జీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, బయటి టవర్ నుంచి సన్నని పోగంత సిగ్నల్ వస్తున్నా ఫోను దాన్నే పట్టుకుని వేలాడుతుంది. కొన్ని ఫోన్లలో వైఫైకి ప్రాధాన్యం ఇవ్వమని చెప్పే వీలుంది, కొన్నింట్లో ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వైఫై మళ్ళీ వేసుకోవాలి. ఈ నాలుగు మాటలు ఒడియాలోనూ తెలుగులోనూ ఒక కాగితం మీద అచ్చువేసి సిమ్ అమ్మే ప్రతి దుకాణంలో అంటించడానికి కంపెనీలకు ఎంత ఖర్చవుతుంది? కరెంటు పోతే వైఫై కూడా పోతుందన్న సంగతీ అందులోనే రాయాలి, ఎందుకంటే కరెంటు పోయినప్పుడే మాకు ఫోను అవసరం ఎక్కువ.

పెద్ద భవనాలకు మాత్రం లోపలే యాంటెన్నాలు అమర్చడం తప్ప గతి లేదు. కంపెనీల వాళ్ళు దీన్ని ఐబీఎస్ అంటారు. కప్పుకు బోర్లించిన చిన్న గిన్నెలా కనిపించే యాంటెన్నాలు అంతస్తుకు కొన్ని, వాటిని కలిపే కేబుళ్ళు, కింద తాళం వేసుకునే ఒక చిన్న గది, దానికి ఫైబరు, నిలకడైన కరెంటు. భవనం కట్టేటప్పుడు గొట్టాలు వేసి ఉంచితే ఇది సులువైన పని. కట్టాక అయితే టైల్సు పగలగొట్టాలి, ఫాల్స్ సీలింగు విప్పాలి, యజమాని ఒప్పుకోడు. ఇంకో తంటా ఏమిటంటే, యజమాని ఒకే కంపెనీతో ఒప్పందం చేసుకుని మిగిలినవారిని గుమ్మం ఎక్కనివ్వకపోవడం. భవనాల్లోని ఇటువంటి ఏర్పాట్లను కంపెనీలన్నీ వివక్ష లేకుండా పంచుకోవాలని ట్రాయ్ 2017 జనవరిలోనే సిఫారసు చేసింది. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2016 నాటి ఆదర్శ భవన నిబంధనావళికి 2022లో ఒక అనుబంధం చేర్చి, నీళ్ళ గొట్టాలకూ కరెంటు తీగలకూ చోటు చూపినట్టే టెలికాం ఏర్పాట్లకూ ప్లానులో చోటు చూపాలన్నది. 2024 అక్టోబర్ 25న ట్రాయ్ భవనాల డిజిటల్ కనెక్టివిటీకి నక్షత్రాల రేటింగు ఇచ్చే నిబంధనలు తెచ్చింది. 2025 జనవరి 1 నుంచి టెలికాం తీగలకూ టవర్లకూ చోటు, దారి ఇచ్చే కొత్త రైట్ ఆఫ్ వే నియమాలు వచ్చాయి. కాగితం మీద కావలసినవన్నీ ఉన్నాయి. నేను అడుగుతున్నది కొత్త చట్టం కాదు; బరంపురంలో మంజూరయ్యే ప్రతి పెద్ద ప్లానులో ఆ గొట్టాలు, ఆ చిన్న గది గీసి ఉన్నాయా అని ఫారంలో ఒక గడి, భవనం వాడుకోవచ్చని చెప్పే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే ముందు సెల్లారులోనూ లిఫ్టు ముందూ నిలబడి అన్ని కంపెనీల ఫోన్లతో కాల్ చేసి చూశామని ఇంకో గడి. రేటింగు యజమాని ఇష్టం మీద ఆధారపడినది కాబట్టి దుకాణాలు, అపార్ట్‌మెంట్ల విషయంలో మీరు ఒత్తిడి చేయలేకపోవచ్చు. ఆసుపత్రుల విషయంలో చేయాలి.

రేడియేషన్ భయం వల్ల కొన్ని చోట్ల యాంటెన్నాలను రానివ్వడం లేదన్నది కూడా నాకు తెలుసు. మన దేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్ల రేడియేషన్ హద్దును అంతర్జాతీయ హద్దులో పదో వంతుకు తగ్గించింది. లోపల పెట్టే చిన్న యాంటెన్నా శక్తి బహు స్వల్పం, పైగా అది దగ్గర ఉంటే చెవి పక్కన ఫోను గట్టిగా అరవవలసిన అవసరం తప్పుతుంది. ఈ మాట అపార్ట్‌మెంట్ సంఘాల సమావేశానికి మీ మనిషి వచ్చి చెబితే నమ్ముతారు. నేను చెబితే పాత శాఖాభిమానం అంటున్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి మిగిల్చాను. 1999 పెను తుపాను తర్వాత మన తీరం పొడుగునా తుపాను ఆశ్రయ భవనాలు కట్టారు. అవి గాలికి, ఉప్పెనకు తట్టుకునేలా లావుపాటి కాంక్రీటుతో, దగ్గర దగ్గరగా కట్టిన ఇనుముతో, చిన్న చిన్న కిటికీలతో కట్టినవి. ప్రాణాలు కాపాడిన భవనాలవి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి అవి లేకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం. కానీ ఏ గుణం వల్ల అవి గాలిని ఆపుతాయో ఆ గుణం వల్లే సిగ్నల్‌నూ ఆపుతాయి. తలుపులు, కిటికీలు మూసి వందలమంది లోపల ఉన్నప్పుడు ఇంకా ఆపుతాయి, ఎందుకంటే మనుషుల ఒళ్ళు కూడా తరంగాలను పీల్చుకుంటుంది. సముద్రం మీదికెళ్ళిన కొడుకు ఒడ్డు చేరాడా లేదా అని తెలుసుకోవడానికి ఒక తల్లి గాలివానలో తలుపు తీయమని బతిమాలుతుంటే కాపలా మనిషి ఏం చేయాలి? 2023లో ఒక ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి పంపే సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికను పరీక్షించినప్పుడు మా ఇంట్లో నాలుగు ఫోన్లలో వీధి గదిలోని రెండే మోగాయి. హెచ్చరిక వ్యవస్థ మెచ్చుకోదగినదే. అది చేరవలసిన మనిషి ఆ సమయానికి ఎక్కడ ఉంటాడో కూడా లెక్కలోకి తీసుకోవాలి కదా. ప్రతి ఆశ్రయ భవనంలో తలుపులు మూసి ఒకసారి సిగ్నల్ కొలవండి. రానిచోట లోపల ఒక చిన్న యాంటెన్నా, దానికి బ్యాటరీ పెట్టండి. వచ్చే అక్టోబరుకు ముందు ఈ ఒక్క పని జరిగినా మిగిలినవాటికి నేను తొందరపెట్టను.

సరిహద్దు గ్రామాల సంగతి రెండు మాటల్లో. గిరిసోల వైపు ఇళ్ళలో మన టవర్ గోడ దాటక, ఆంధ్ర వైపు టవర్ కిటికీలోంచి దూరి, ఒకే ఇంట్లో ముందు గదికి ఒడిశా స్వాగతం, వెనక గదికి ఆంధ్రప్రదేశ్ స్వాగతం అందుతున్నాయి. రోమింగ్ చార్జీలు లేవు కాబట్టి డబ్బు నష్టం లేదు. ఫిర్యాదు చేస్తే మాత్రం ఇది మా సర్కిల్ కాదని రెండు వైపులా అంటారు. ఇటువంటి ఫిర్యాదులను రెండు సర్కిళ్ళవారూ కలిసి విచారించే పద్ధతి ఒకటి కావాలి.

గత నాలుగు నెలల్లో నేను వెళ్ళగలిగిన ఆసుపత్రులు, బ్యాంకులు, రేషను దుకాణాలు, మూడు ఆశ్రయ భవనాల లోపలి కొలతలను తేదీ, గది, అంతస్తు, కంపెనీల వారీగా ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచాను. జిరాక్సు ప్రతిని మీ మూడు కార్యాలయాలకూ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. మీ ఇంజనీరు ఎవరైనా వస్తే పుస్తకం పట్టుకుని వెంట తిరగడానికి సిద్ధంగా ఉన్నాను. ఫోను చేసేటట్టయితే దయచేసి సాయంత్రం ఐదు దాటాక చేయండి. ఆ వేళ నేను అరుగు మీద ఉంటాను.

ఇట్లు,
విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
బరంపురం, గంజాం జిల్లా